కొన్నది ఎనిమిది, కనబడునది రెండు: సంఘపు సర్వరులో డిస్కుల పరీక్ష

గాదెలో ధాన్యమెంత యున్నదో ఎఱుగని రైతు సంసారము సాగింపజాలడు. కొలిచి పోసినదెంత, తీసి వాడినదెంత, ఎలుకలు తిన్నదెంత, అడుగున ముక్కిపోయినదెంత అను లెక్క ఇంటిల్లిపాదికిని తెలిసియుండును. సహకార సంఘములకు అట్టి గాదె యొకటి ఈ కాలమున క్రొత్తగా ఏర్పడినది. అందు పోయబడునది ధాన్యము కాదు, మన లెక్కలు. సభ్యుల వాటాధనము, పంట ఋణములు, చెల్లించిన వాయిదాలు, ఎరువుల నిలువలు, గిడ్డంగి రసీదులు, దస్తావేజుల నకళ్లు, ఇవన్నియు సర్వరు అను యంత్రములోని డిస్కులపై వ్రాయబడుచున్నవి. ఆ గాదె నిండినను, దాని అడుగు పగిలినను సంఘపు పని నిలిచిపోవును. కావున దాని పరీక్షను గూర్చి గుమాస్తాలే గాక పంచాయతీదార్లును, సభ్యులును కొంత తెలిసికొనుట అవసరము.

మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వెలువడినది. నాటినుండి చిట్టా, ఆవర్జా, సభ్యుల రిజిష్టరు అను పుస్తకములే సంఘమునకు కన్నులుగా నుండెను. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరు లెక్కలకు మార్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. ఈ పథకము క్రింది ఉమ్మడి లెక్కలు దూరమున నున్న పెద్ద యంత్రశాలలలో భద్రపఱుపబడును. అయినను క్రయవిక్రయ సంఘములు, మిల్లులు, గిడ్డంగులు, ఎరువుల విక్రయశాలలు గల సంఘములు తమ సొంత పనులకై తమ కార్యాలయమందే సర్వరు నుంచుకొనుట కలదు. ఈ వ్యాసము అట్టి సంఘముల కొఱకే వ్రాయబడినది.

ఇది రైతునకు సంబంధింపని విషయమని ఎవరును తలంపరాదు. సకాలమున పంట ఋణము చెల్లించిన రైతునకు కేంద్ర పథకము క్రింద నూటికి 7 వంతుల వడ్డీలో 3 వంతుల రాయితీ లభించును. లక్ష రూపాయల ఋణముపై సంవత్సరమునకు అది 3,000 రూపాయలు. గడువు దినముననే సర్వరు నిలిచి, చెల్లింపు లెక్కలోనికి ఎక్కకపోయినచో, రైతు సొమ్ము చెల్లించియు తన రాయితీకై వాదింపవలసిన స్థితి కలుగవచ్చును. ఇటువంటి వాదమున రైతునకు ఆధారము చేతిలోని కాగితపు రసీదు మాత్రమే.

మూడు వ్యాధులు, ఒకే లక్షణము

"సర్వరులో చోటు లేదు" అని గుమాస్తా చెప్పగానే క్రొత్త డిస్కులు కొనుటకు తీర్మానము చేయుట తఱచుగా జరుగును. ఆకు పసుపెక్కిన ప్రతి మడికిని యూరియా చల్లుట వ్యవసాయము కాదుగదా! నత్రజని తక్కువైనను ఆకు పసుపెక్కును. నీరు నిలిచినను పసుపెక్కును. పురుగు పట్టినను పసుపెక్కును. అట్లే చోటు లేదను మాట క్రింద మూడు వేఱువేఱు వ్యాధులు దాగియుండును. మొదటిది, కొన్న చోటు ఉన్నను కనబడకుండుట. రెండవది, కనబడిన చోటు అనవసరమైన వస్తువులతో నిండుట. మూడవది, డిస్కే జబ్బుపడుట. ఏ వ్యాధి యో నిర్ణయింపక మందు వేసినచో ధనవ్యయమే గాక, ఉన్న లెక్కలకును ముప్పు వాటిల్లును.

మొదటి వ్యాధి: కొన్న చోటు కనబడకుండుట

ఒక సంఘము 2 టెరాబైట్ల డిస్కులను నాలుగింటిని కొన్నదనుకొందము. బిల్లులో నున్నది 8 టెరాబైట్లు. యంత్రమును అమర్చిన పిదప తెరమీద చూడగా 2 టెరాబైట్లే కనబడినవి. దుకాణదారుడు మోసగించెనని పంచాయతీదార్లు అనుమానింతురు. అనుమానించుటకు ముందు మెట్టుమెట్టుగా దిగి లెక్క చూడవలెను.

మొదటి మెట్టు డిస్కుల కూర్పు. 1988లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు, చౌక డిస్కులను అనేకములను జతపఱచి ఒకటి చెడినను లెక్కలు పోకుండునట్లు చేయు మార్గములను వివరించిరి. దీనికి రెయిడు అని పేరు. ఇందలి కిటుకు సులభము. 4, 7, 9 అను మూడు అంకెలను మూడు డిస్కులపై వ్రాసి, వాని మొత్తమగు 20ని నాలుగవ డిస్కుపై వ్రాసితిమనుకొనుడు. రెండవ డిస్కు చెడినచో, 20 నుండి 4ను, 9ని తీసివేయగా పోయిన 7 తిరిగి వచ్చును. యంత్రము చేయు గణితము కొంత వేఱైనను, మొత్తమును అన్ని డిస్కులకును పంచి వ్రాసినను, సూత్రమిదియే. ఇది రెయిడు 5 అను కూర్పు. ఇందు ఒక డిస్కు ప్రమాణమైన చోటు రక్షణకే పోవును. కావున నాలుగు డిస్కులలో మనకు దక్కునది మూడింటి చోటు, అనగా 6 టెరాబైట్లు. రెయిడు 6లో రెండు డిస్కుల చోటు పోవును; రెండు చెడినను లెక్కలు నిలుచును. రెయిడు 1లో ఒకదాని నకలు మఱొకదానిపై నుండును గనుక సగము చోటే దక్కును. రెయిడు 0 అను కూర్పున చోటంతయు దక్కును గాని రక్షణ ఏమియు లేదు. ఒక డిస్కు చెడినచో అన్నిటిలోని లెక్కలును పోవును. చోటు ఎక్కువ వచ్చునను ఆశతో సంఘపు లెక్కలను రెయిడు 0పై నుంచుట, గట్టులేని చెఱువును నమ్మి నాట్లు వేయుట వంటిది.

రెండవ మెట్టు కొలత. పూర్వము కుంచము ఊరికొక తీరున నుండెడిది. డిస్కుల కొలతయందును అట్టి భేదమే కలదు. డిస్కు తయారుచేయువారు వేయి చొప్పున లెక్కింతురు. వారి టెరాబైటు 1,000,000,000,000 బైట్లు. విండోస్ తెరమీది లెక్క 1,024 చొప్పున సాగును. ఆ టెరాబైటు 1,099,511,627,776 బైట్లు. ఈ పెద్ద కొలతకు టెబీబైటు అను వేఱు పేరును 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ఏర్పఱచినది గాని, వాడుకలో రెండింటికిని పాత పేరే నిలిచినది. కావున 6 టెరాబైట్లు తెరమీద సుమారు 5.46గా కనబడును. ఇందు నష్టమేమియు లేదు; ధాన్యమదియే, కుంచమే పెద్దది.

మూడవ మెట్టు విభాగముల పట్టిక. డిస్కును విభాగములుగా, అనగా పార్టిషన్లుగా, పంచి ఆ హద్దులను ఒక పట్టికలో వ్రాయుదురు. పాత పద్ధతి పట్టికకు ఎంబీఆర్ అని పేరు. అందు 512 బైట్ల గళ్లను 32 ద్వ్యంశ స్థానములలో లెక్కింతురు. అందు పట్టు గళ్లు 4,294,967,296. వానిని 512తో హెచ్చింపగా తెరమీది కొలతలో సరిగా 2 టెరాబైట్లు వచ్చును. అంతకు మించిన భూమిని ఆ పట్టిక ఎఱుగదు. జీపీటీ అను క్రొత్త పద్ధతి పట్టికకు ఈ అడ్డు లేదు.

ఇప్పుడు లెక్క సరిచూడుడు. కొన్నది 8. రక్షణకు పోయినది 2. కొలతల భేదమువలన కనబడనిది 0.54. పాత పట్టిక ఎఱుగక బీడుగా విడిచినది 3.46. కనబడునది 2. అన్నియు కలిపిన 8 సరిపోయినది. దుకాణదారుడు నిర్దోషి. క్రొత్త డిస్కులు అక్కఱలేదు. పట్టికను జీపీటీకి మార్చిన చాలును. అయితే లెక్కలు వ్రాసియున్న డిస్కుపై ఈ మార్పు సాధారణముగా విభాగములను తుడిచివేయునట్టిది. ముందుగా నకలు తీసి, ఆ నకలును తిరిగి తెఱచి సరిచూచిన పిమ్మటనే దీనికి పూనుకొనవలెను. సర్వరును ప్రారంభించు డిస్కే అయినచో, ఆ యంత్రము యూఈఎఫ్ఐ అను క్రొత్త ప్రారంభ పద్ధతికి తగినదో కాదో కూడ ముందే విచారింపవలెను.

క్రొత్త డిస్కు చేర్చినను చోటు పెరుగలేదను ఫిర్యాదు ఈ వ్యాధిలో మఱొక రూపము. ప్రధాన కాలువకు నీరు వదలినంత మాత్రమున మడి తడియదు. పిల్ల కాలువ తూము, పంటబోదె, మడి గండి, అన్నియు తెఱువవలెను. సర్వరునందును నాలుగు తూములు కలవు. కంట్రోలరు అను పరికరము క్రొత్త డిస్కును కూర్పులో చేర్చుకొనవలెను. ఆ కూర్పునుండి ఏర్పడిన డిస్కు రూపము పెరుగవలెను. దానిలోని పార్టిషను హద్దు జరుగవలెను. తుదకు ఫైళ్ల అమరికయు ఆ హద్దువఱకు విస్తరింపవలెను. ఏ తూము మూసియున్నదో తెలియుటకు నాలుగు చోట్లను నాలుగు అంకెలు వ్రాసికొని పోల్చిచూడవలెను. ఏ రెండు అంకెలు పొసగవో అక్కడనే అడ్డున్నది. విండోస్ యంత్రములందు డిస్క్ మేనేజ్‌మెంట్ అను తెరయందును, లినక్స్ యంత్రములందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే, డీఎఫ్ అను ఆజ్ఞల వలనను ఈ అంకెలు కొన్ని తెలియును; తక్కినవి కంట్రోలరు సొంత తెరమీద కానవచ్చును.

సీ అను విభాగము నిండిపోయి, డీ అను విభాగము ఖాళీగా నుండుటయు తఱచు చూచుచున్నాము. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరనుండి ఒక విభాగమును పెంచవలెనన్నచో, దానికి ఆనుకొని కుడిప్రక్కన ఎవరికిని చెందని చోటుండవలెను. ప్రక్కగట్టు భూమినే మన కమతమున కలుపుకొనగలము గాని, నడుమ మఱొకరి చేను ఉండగా ఆవలి దానిని కలుపలేము గదా. కాబట్టి మొదటనే సీ విభాగమునకు తగినంత చోటు విడుచుట మేలు.

రెండవ వ్యాధి: అనవసరముగా నిండుట

చోటంతయు కనబడుచు, అది నిజముగా నిండియున్నచో, తిన్నదెవరో కనిపెట్టవలెను. సభ్యుల లెక్కలు అంకెలే గనుక అంతగా చోటు తినవు. దొంగలు వేఱుగా నుందురు.

అందు మొదటిది లాగ్ ఫైలు. లెక్కల యంత్రము తాను చేయు ప్రతి మార్పును ముందుగా ఒక దినచర్యలో వ్రాసికొనును. ఎస్‌క్యూఎల్ సర్వర్ అను లెక్కల భాండారమును పూర్తి రక్షణ పద్ధతిలో నుంచి, ఆ దినచర్యకు ప్రత్యేకముగా నకలు తీయకున్నచో, అది ఎన్నడును ఖాళీ కాక పెరుగుచునే యుండును. అసలు లెక్కలకంటె దినచర్యయే అనేక రెట్లు పెరిగి డిస్కును నింపివేయుట ఇందువలననే. ఆ ఫైలును చేతితో చెరిపివేయుట మిక్కిలి ప్రమాదము. నకలు తీయు ఏర్పాటును సరిదిద్దుటయే దీనికి మందు.

రెండవది, నకళ్లను అదే డిస్కుపై పేర్చుట. దినమునకొక నకలు తీయుచు పాతవానిని తొలగింపని యెడల కొలది మాసములలో గాదె నిండును. పైగా డిస్కు చెడినపుడు అసలును నకలును కలిసియే పోవును. విత్తనపు ధాన్యమును, తిండిగింజలను ఒకే పాతరలో పోసి, ఆ పాతరకు తడి తగిలినట్లగును.

మూడవది, విండోస్ యంత్రములలో షాడో కాపీలు అను పాత రూపముల నిలువ. ఇవి దాగియుండును గనుక సాధారణముగా ఫైళ్ల జాబితాలో కానరావు. ఫైళ్ల మొత్తమునకును, నిండిన చోటునకును పెద్ద భేదము కనబడినపుడు ఇచ్చట వెదకవలెను.

లినక్స్ యంత్రములలో మఱి మూడు చిక్కులు కలవు. ఫైలును చెరిపినను, దానిని తెఱచియుంచిన కార్యక్రమము ఇంకను నడచుచున్నచో ఆ చోటు విడుదల కాదు. ఆ కార్యక్రమమును నిలిపి మరల నడపవలెను. ఈఎక్స్‌టీ4 అను అమరిక నూటికి 5 వంతుల చోటును యజమాని పనికై అట్టిపెట్టును. 1,000 గిగాబైట్లలో 50 ఇట్లు పోవును. మఱియు ఒక్కొక్క ఫైలునకు ఐనోడు అను ఒక చీటీ వలయును. లక్షలకొలది చిన్న ఫైళ్లు చేరినచో చోటున్నను చీటీలు తీఱిపోయి "చోటు లేదు" అను మాటయే తెరపై వచ్చును. డీఎఫ్ అను ఆజ్ఞకు ఐ అను గుఱుతును చేర్చి అడిగినచో ఈ సంగతి తేలిపోవును.

ఒకే యంత్రములో అనేక మాయా యంత్రములను నడపు చోట్ల మఱొక అపాయము కలదు. 2 టెరాబైట్ల చోటును చూపి, మూడింటికి ఒక్కొక్క టెరాబైటు చొప్పున మాట ఇచ్చుట సాధ్యము. నూఱు ఎకరములకు చాలు చెఱువు క్రింద నూటయేబది ఎకరములకు నీటిహక్కు వ్రాసియిచ్చినట్లే ఇది. అందఱును ఒకసారి నీరు అడుగనంతకాలము ఏ చిక్కును లేదు. అడిగిననాడు అన్ని చేలును ఎండును. ఇట్టి ఏర్పాటున్నచో, ఇచ్చిన మాటల మొత్తమును గాక నిజముగా మిగిలిన చోటును వారము వారము చూచుచుండవలెను.

ఏమిటో తెలియని ఫైలును చెరుపరాదను నియమమును మాత్రము గుమాస్తాలు ఎన్నడును మీఱరాదు.

మూడవ వ్యాధి: డిస్కే చెడుట

ఇది అన్నిటికంటె నిశ్శబ్దముగా వచ్చును. రెయిడు 5 కూర్పున ఒక డిస్కు చెడినను సర్వరు నడచుచునే యుండును. లెక్కలు వచ్చుచునే యుండును. పెట్టె ముందు ఒక చిన్న దీపము రంగు మాఱుట మాత్రమే గుఱుతు. గదిలోనికి ఎవరును తొంగిచూడనిచో ఆ దీపము నెలలు వెలిగినను ఎవరికిని తెలియదు. ఆపై రెండవ డిస్కు చెడినదో, సర్వస్వమును పోయినట్లే. ఒక ఎద్దు కుంటినను బండి కొంతదూరము సాగును. అది చూచి రెండెడ్లును బాగున్నవని భ్రమింపరాదు.

డిస్కు తన ఆరోగ్యమును తానే వ్రాసికొను స్మార్ట్ అను ఏర్పాటు కలదు. చెడిన గళ్లకు బదులుగా వాడిన గళ్ల సంఖ్య, చదువుటకు కష్టమైన గళ్ల సంఖ్య అందు కనబడును. ఈ సంఖ్యలు పెరుగుచున్నచో డిస్కును వెంటనే మార్చవలెను. అయితే సంఖ్యలు బాగున్నవని నిశ్చింతగా నుండరాదు. 2007లో గూగుల్ ఇంజనీర్లు ప్రకటించిన పరిశోధనలో, చెడిన డిస్కులలో సగమునకు పైగా ముఖ్యమైన ఈ హెచ్చరికలలో ఏ ఒక్కటియు చూపకయే చెడినవని తేలినది.

చెడిన డిస్కును మార్చు క్రమమిది. మొదట లెక్కలకు నకలు తీయవలెను. పిదప చెడినది ఏ గూటిలోనిదో సంఖ్య చూచి, ఇద్దఱు సరిచూచి వ్రాసికొనవలెను. మంచి డిస్కును పొరపాటున లాగినచో కూర్పంతయు కూలును. అంతే పరిమాణము లేక అంతకంటె పెద్ద డిస్కును పెట్టవలెను. తర్వాత యంత్రము పోయిన భాగమును తిరిగి వ్రాసికొనుటకు కొన్ని గంటలు, పెద్ద డిస్కులకు ఒక దినమునకు పైగా పట్టును. ఆ సమయమున తక్కిన డిస్కులపై భారమెక్కువ. కాబట్టి వాయిదాల వసూలు దినములలో గాక తీఱిక దినమున ఈ పని పెట్టుకొనవలెను. అయితే తీఱిక కొఱకు వారములు జాగుచేయరాదు.

రెయిడు నకలు కాదు

ఈ ఒక్క మాట ప్రతి సంఘపు గోడమీదను వ్రాయదగినది. డిస్కు చెడినపుడు రెయిడు కాపాడును. గుమాస్తా పొరపాటున ఒక ఖాతాను చెరిపినచో, ఆ చెరుపు అన్ని డిస్కులకును ఒక్క క్షణమున చేరును. పిడుగుపాటు, అగ్ని, వరద, దొంగతనము, లెక్కలకు తాళము వేసి సొమ్మడుగు దుష్ట కార్యక్రమము, వీనినుండి రెయిడు రక్షింపజాలదు. కావున లెక్కలకు మూడు ప్రతులుండవలెను. అవి రెండు వేఱు రకముల సాధనములపై నుండవలెను. అందొకటి వేఱు ఊరిలో నుండవలెను. మాసమునకొకసారి ఆ నకలును తెఱచి ఒక సభ్యుని ఖాతాను చదివి చూడవలెను. మొలక పరీక్ష చేయని విత్తనమును నమ్ముట ఎట్టిదో, తెఱచిచూడని నకలును నమ్ముటయు అట్టిదే.

ముందుచూపు లెక్క

ప్రతి మాసము మొదటి తేదీన ఖాళీగా నున్న చోటును ఒక పుస్తకములో వ్రాయుడు. ఖాళీ 90 గిగాబైట్లు, మాసమునకు ఖర్చు 6 అయినచో 15 మాసములు చాలునని తేలును. అయితే ఖర్చు అన్ని మాసములయందు సమముగా నుండదు. ధాన్యము కొనుగోలు దినములలో రసీదులు, ఛాయాపటములు హెచ్చుగా చేరును. అందువలన ఆ ఋతువులోని ఖర్చునే ప్రమాణముగా తీసికొనవలెను. నూటికి 80 వంతులు నిండగానే విచారణ మొదలుపెట్టిన యెడల, 100 నిండిననాడు పరుగెత్తు పని యుండదు.

సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

సర్వసభ్య సమావేశమున ఆదాయవ్యయముల పట్టికను అడుగుట మనకు అలవాటే. దానితోపాటు ఈ ఆఱు ప్రశ్నలను కూడ అడుగుట మన హక్కు. డిస్కుల కూర్పు ఏది? ఎన్ని డిస్కులు చెడినను లెక్కలు నిలుచును? నేడు ఖాళీ చోటెంత, మాసమునకు ఖర్చెంత? పెట్టె ముందరి దీపములను దినదినము చూచువారెవరు? నకలు ఏ ఊరిలో నున్నది? దానిని కడపట తెఱచి చూచిన తేదీ ఏది? జవాబులు పుస్తకములో వ్రాసియున్నచో సంఘము క్షేమము. కార్యదర్శి జ్ఞాపకముననే యున్నచో, ఆయన బదిలీ అయిన నాడు అవియు బదిలీ యగును.

సోదర రైతులారా! ఎన్ని యంత్రములు వచ్చినను మీరు చెల్లించిన ప్రతి రూపాయికిని రసీదు పుచ్చుకొని పెట్టెలో దాచుకొనుడు. సంఘము డిస్కులను కాపాడుకొనును గాక. మీరు మీ రసీదులను కాపాడుకొనుడు. రెండు చోట్లను లెక్క నిలిచిననాడు ఒకదాని తప్పును మఱొకటి దిద్దగలదు.